మా బాపుకి సుపీరియర్ సరస్సు చూపించాలి, "మత్తడి ఏడుంది" అంటున్నాడు

నర్సంపేట పిల్ల | ఆగస్టు 24, రాత్రి 10.15

అందరికీ నమస్తే. మేం మినియాపొలిస్‌లో ఉంటాం. నాట్లు అయిపోయాక మా అమ్మ, బాపు మొదటిసారి ఇక్కడికి వచ్చారు, కోతల టైంకి వెళ్ళిపోతారు. బాపు నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైర్ అయ్యాడు, పుట్టి పెరిగింది పాకాల చెరువు ఆయకట్టులోనే, ఇంట్లో కూర్చున్నా నీళ్ళ లెక్కలే. మాల్‌కి తీసుకెళ్తే "బాగుంది" అనేసి కూర్చోవడానికి కుర్చీ వెతుక్కుంటాడు. సుపీరియర్ సరస్సుకి పోదాం బాపూ అంటే "చెరువు చూసేటందుకు రెండున్నర గంటలు కార్ల పోవుడెందుకు, మనూర్ల లేదా" అన్నాడు. పెద్దది, అవతలి ఒడ్డు కనపడదు అన్నా. అంతే, "మరి మత్తడి ఏడుంది? తూములెన్ని? కట్ట ఎవరు పోసిండ్రు? ఎన్ని టీఎంసీలు?" అని వరసపెట్టి అడిగాడు. (మత్తడి అంటే అలుగు.)

ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. పన్నెండేళ్ళుగా ఇక్కడుంటున్నా, నాలుగుసార్లు డులూత్ వెళ్ళొచ్చాం, ఫోటోలు దిగి పిజ్జా తిని వచ్చాం, అంతే.

సెప్టెంబర్ చివర్లో మూడు రోజులు అనుకుంటున్నాం. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఎక్కువ నడవలేదు. ఎక్కడ ఆగాలో చెప్పండి, బాపు ప్రశ్నలకి జవాబులు తెలిస్తే అవి కూడా.

డులూత్ దారి | ఆగస్టు 24, రాత్రి 11.02

చెల్లీ, మంచి టైం ఎంచుకున్నావు, సెప్టెంబర్ చివరికి గుట్టల మీద మేపుల్ చెట్లు ఎర్రబడతాయి.

35వ నంబరు హైవేలో డులూత్ రాగానే గబగబా ఊళ్ళోకి దిగిపోకండి. థామ్సన్ హిల్ రెస్ట్ ఏరియాలో ఆగండి. దారంతా చదునుగా వచ్చి, అక్కడ ఒక్కసారిగా కింద ఊరు, రేవు, దాని వెనకాల నీళ్ళు కనపడతాయి. మీ బాపుకి మొదట చూపించాల్సింది అక్కడి నుంచే. తర్వాత కెనాల్ పార్క్. ఓడలు ఎన్నింటికి వస్తాయో ముందే ఆన్‌లైన్‌లో చూసుకోండి, వచ్చినప్పుడు లిఫ్ట్ బ్రిడ్జి మొత్తం పైకి లేస్తుంది, 135 అడుగుల దాకా. ఆ కాలువ వెడల్పు 300 అడుగులే, వెయ్యి అడుగుల ఓడ అందులోంచి పోతుంటే డెక్ మీద మనిషితో మాట్లాడొచ్చు అనిపిస్తుంది.

రెండో రోజు 61వ నంబరు రోడ్డు పట్టుకుని ఉత్తరపు ఒడ్డు వెంట పైకి వెళ్ళండి. గూస్‌బెర్రీ జలపాతం (పార్కింగుకి టికెట్ లేదు), స్ప్లిట్ రాక్ లైట్‌హౌస్, పాలిసేడ్ హెడ్. ఈ మూడోది అమ్మకి బాగుంటుంది, కొండ మీదికి దాదాపు అంచు దాకా కారులోనే వెళ్ళొచ్చు, రోడ్డు మాత్రం ఇరుకు. అంచు దగ్గర రెయిలింగ్ ఉండదు, పిల్లలుంటే చేతులు వదలొద్దు. రాత్రికి గ్రాండ్ మరైలో ఉండండి, డులూత్ నుంచి 110 మైళ్ళు. రూము ఇప్పుడే బుక్ చేసుకోండి, ఆకులు రంగు మారే వారాంతాల్లో దొరకవు.

పుస్తకాల పురుగు | ఆగస్టు 25, ఉదయం 7.20

ప్రపంచంలో అతిపెద్ద మంచినీటి సరస్సు అని చెప్పండి మీ నాన్నగారికి, వెంటనే కారెక్కుతారు.

కయ్యాల కుమార్ | ఆగస్టు 25, ఉదయం 7.41

విస్తీర్ణంలో అని చెప్పాలి బ్రో. నీళ్ళ పరిమాణంలో బైకాల్ మొదటిది, టాంగన్యీకా రెండోది, సుపీరియర్ మూడోది. ఆ విస్తీర్ణం కూడా పేచీయే, మిషిగన్, హ్యూరాన్ సరస్సులు మాకినా జలసంధి దగ్గర ఒకే మట్టంలో కలిసే ఉంటాయి కాబట్టి ఆ రెండూ ఒకటే అనేవాళ్ళున్నారు, అప్పుడు అదే పెద్దది.

పుస్తకాల పురుగు | ఆగస్టు 25, ఉదయం 7.44

పొద్దున్నే మొదలా స్వామీ. సరే, విస్తీర్ణంలో.

ధవళేశ్వరం | ఆగస్టు 25, ఉదయం 9.30

అమ్మా, మీ నాన్నగారి ప్రశ్నలు చదివి ప్రాణం లేచొచ్చింది. నేనూ గోదావరి డెల్టాలో ముప్పై ఏళ్ళు ఇదే పని చేశాను, ఇప్పుడు మా అబ్బాయి దగ్గర డెట్రాయిట్‌లో ఉన్నాను. ఆయన భాషలోనే లెక్క చెప్తాను, కాగితం మీద రాసి ఇవ్వండి.

సరస్సు విస్తీర్ణం 82,100 చదరపు కిలోమీటర్లు. ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లో సగం. తెలంగాణలో అయితే ముప్పాతిక భాగం మునిగిపోతుంది. పొడవు 560 కిలోమీటర్లు, హైదరాబాద్ నుంచి తిరుపతికి బస్సులో పోయేంత దూరం. సగటు లోతు 147 మీటర్లు, అన్నింటికన్నా లోతైన చోట 406 మీటర్లు, అంటే 1,333 అడుగులు. అక్కడ మూడు నాగార్జున సాగర్ డ్యాములు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినా పైది మునిగే ఉంటుంది. నీటి మట్టం సముద్రానికి 183 మీటర్ల ఎత్తున ఉంది, కాబట్టి ఆ అట్టడుగు సముద్ర మట్టం కంటే కిందికి పోయిందన్నమాట.

నీళ్ళు 12,100 ఘన కిలోమీటర్లు. టీఎంసీల్లోకి (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) మారిస్తే 42,700.

కరీంనగర్ కాకా | ఆగస్టు 25, ఉదయం 10.05

ధవళేశ్వరం గారూ, ఒక సున్నా తగ్గినట్టుంది సార్. ఒక టీఎంసీ అంటే 0.0283 ఘన కిలోమీటర్లు కదా.

ధవళేశ్వరం | ఆగస్టు 25, ఉదయం 10.22

అవును, నాదే పొరపాటు, కళ్ళజోడు లేకుండా చేశాను. 4 లక్షల 27 వేల టీఎంసీలు. సాగర్ నిండితే 312. అంటే పదమూడు వందల యాభై సాగర్లు నింపినా ఇంకా మిగులుతాయి.

ఇంకో లెక్క, ఇది ఆయనకి తప్పకుండా నచ్చుతుంది. ఈ సరస్సు మట్టం ఒక్క అంగుళం పెరగాలంటే దాదాపు 73 టీఎంసీలు కావాలి. శ్రీశైలం నిండు కుండ 215 టీఎంసీలు తెచ్చి ఇందులో పోస్తే మూడు అంగుళాలు కూడా పెరగదు.

నర్సంపేట పిల్ల | ఆగస్టు 25, మధ్యాహ్నం 1.10

ఆఫీసులో ఉన్నా, ఫోన్‌లో చదివి వినిపించా. శ్రీశైలం, మూడంగుళాలు అనగానే అటువైపు కాసేపు మాట లేదు. తర్వాత "మళ్ళొక్కసారి చదువు బిడ్డా" అన్నాడు. వస్తానన్నాడు! కానీ మత్తడి సంగతి తేలాలంట.

కరీంనగర్ కాకా | ఆగస్టు 25, మధ్యాహ్నం 2.35

మత్తడి నేను చెప్తా. (ఆంధ్ర వాళ్ళకి: మత్తడి అంటే మీ అలుగు, చెరువు నిండాక మిగులు నీళ్ళు పొర్లిపోయే చోటు.)

మీ బాపుకి మన కాకతీయుల గొలుసుకట్టు చెరువులు గుర్తు చెయ్యి. ఎగువ చెరువు నిండి మత్తడి దుంకితే ఆ నీళ్ళు దిగువ చెరువుకి, అది నిండితే దాని కిందిదానికి. ఇక్కడి పంచ మహా సరస్సులు కూడా గొలుసుకట్టే. సుపీరియర్ అన్నింటికన్నా ఎగువ. దాని నీళ్ళు హ్యూరాన్‌కి, అక్కడి నుంచి ఈరీకి, నయాగరా మీదుగా ఆంటారియోకి, చివరికి సెయింట్ లారెన్స్ నది పట్టుకుని అట్లాంటిక్‌కి. అసలు ఆ పేరుకి గొప్పది అని అర్థం కాదు, ఫ్రెంచి వాళ్ళు పెట్టింది "ఎగువ సరస్సు" అని. అక్కడి ఒజిబ్వే జనం మాత్రం గిచిగామి అంటారు, పెద్ద సముద్రం అని.

ఇక మత్తడి ఉన్నది తూర్పు కొసన, సూ సెయింట్ మరీ అనే ఊళ్ళో. అమెరికా వైపు ఒకటి, కెనడా వైపు ఒకటి, అదే పేరుతో రెండు ఊళ్ళు. మధ్యలో సెయింట్ మేరీస్ నది 21 అడుగులు కిందికి దిగుతుంది, అంతే. ఇంత సరస్సుకి మత్తడి 21 అడుగులు!

ధవళేశ్వరం | ఆగస్టు 25, సాయంత్రం 4.00

కాకా గారు బాగా చెప్పారు. దానికి గేట్లు కూడా ఉన్నాయి, 16. 1921కల్లా కట్టడం పూర్తయింది. ఎన్ని నీళ్ళు వదలాలో అమెరికా, కెనడా కలిసి పెట్టుకున్న బోర్డు నెలనెలా చూసుకుంటుంది, దానికి మూలం 1909 సరిహద్దు జలాల ఒప్పందం. సగటున వదిలేది 75 వేల క్యూసెక్కులు. 2024 సెప్టెంబర్‌లో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షలు దాటింది కదా, దాని ముందు ఇది ఎంత అనిపిస్తుంది. కానీ మనది నాలుగు రోజుల వరద. ఇది ఎండాకాలం, చలికాలం అని లేకుండా పోతూనే ఉంటుంది, రోజుకి ఆరున్నర టీఎంసీలు. ఆ లెక్కన ఉన్న నీళ్ళన్నీ ఒకసారి మారడానికి 180 ఏళ్ళు పడుతుంది, పుస్తకాల్లో 191 అని ఉంటుంది.

చిత్రం ఏమిటంటే క్యాచ్‌మెంట్ చాలా చిన్నది. చుట్టూ ఉన్న పరీవాహక నేల 1,27,700 చదరపు కిలోమీటర్లు, కృష్ణా బేసిన్‌లో సగం. పెద్ద నదంటూ చెప్పుకోవాలంటే కెనడా వైపు నిపిగాన్ ఒకటి, మిగతావన్నీ గుట్టల మీంచి దూకే వాగులే. సరస్సు మీద నేరుగా పడే వాన, మంచు పెద్ద వాటా. ఆవిరయ్యేది ఎండాకాలంలో అనుకుంటాం, కాదు. శీతాకాలం మొదట్లో నీళ్ళు ఇంకా కాస్త వెచ్చగా ఉండి, పైన పొడి చలిగాలి వీస్తుంది చూడండి, అప్పుడు ఎక్కువ పోతుంది. అందుకే మట్టం మార్చి, ఏప్రిల్‌లో బాగా తక్కువగా ఉంటుంది, ఆగస్టు, సెప్టెంబర్‌లో ఎక్కువ. ఆ తేడా కూడా అడుగు మాత్రమే. వందేళ్ళ రికార్డులు తీసినా ఎక్కువకీ తక్కువకీ మధ్య నాలుగడుగులు.

కయ్యాల కుమార్ | ఆగస్టు 25, సాయంత్రం 4.18

రెండు దేశాలు వందేళ్ళుగా ఒకే బోర్డులో కూర్చుని గేట్లు తిప్పుకుంటున్నాయి. మన దగ్గర రెండు రాష్ట్రాలు సాగర్ గేట్ల దగ్గర పోలీసుల్ని దింపాయి.

నిర్వాహకుడు | ఆగస్టు 25, సాయంత్రం 4.25

కృష్ణా జలాల చర్చ వేరే ఉంది, 61 పేజీలు. ఇక్కడ వద్దు.

రాళ్లపిచ్చి | ఆగస్టు 25, రాత్రి 9.50

"కట్ట ఎవరు పోసిండ్రు" అన్నదానికి ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి నేను.

110 కోట్ల ఏళ్ళ కిందట ఈ ఖండం మధ్యలో చీలబోయింది. చీలిక వెంట లావా పైకి తన్నుకొచ్చి పొరలు పొరలుగా పరుచుకుంది. ఎందుకో చీలడం మధ్యలోనే ఆగిపోయింది, లేకపోతే ఇక్కడ ఇప్పుడు నిజంగా సముద్రమే ఉండేది. అన్ని పొరల బరువుకి మధ్య భాగం కుంగింది, వదులైన నులక మంచం మీద బస్తా పెడితే కుంగుతుంది చూడండి, అలా. అందుకే మిన్నెసోటా ఒడ్డున రాతి పొరలు సరస్సు వైపు వాలి ఉంటాయి, అవతల మిషిగన్‌లోని కీవినా ద్వీపకల్పంలోనూ సరస్సు వైపే. కీవినాలో నేలలోకి దిగిన లావా పొరల్లో ఒకటి సరస్సు కింద నుంచి పోయి ఐల్ రాయల్ దీవిలో మళ్ళీ పైకి లేస్తుంది. ఆ కుంగిన చోట నిండిన మెత్తటి ఇసుకరాయిని తర్వాత హిమానీనదాలు గీకి గీకి తవ్వేశాయి. సుమారు పదివేల ఏళ్ళ కిందట అవి కరిగి వెనక్కి పోతే మిగిలిన గుంట ఇది. కట్ట పోసిందీ, మట్టి తీసిందీ మంచే.

అగేట్ రాళ్ళ కోసం వెతకండి. ఆ లావాలో గాలి బుడగలుండేవి, వాటిలో ఖనిజాలు పొరలుగా పేరుకుని ఎర్ర చారల రాళ్ళయ్యాయి. మిన్నెసోటా 1969లో దీన్నే రాష్ట్ర రత్నం చేసుకుంది. తడి గులకరాళ్ళ మీద సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడేటప్పుడు ఎండకి ఎదురుగా నడవండి, మెరుస్తాయి. స్టేట్ పార్కుల్లో ఏరితే మాత్రం తప్పు, తీసుకుపోవద్దు. నేనైతే రెండు గంటలు వంగి మూడు దొరికించుకున్నా, నడుం వారం రోజులు పట్టేసింది, మా ఆవిడ ఆ మూడూ పూలకుండీలో వేసింది.

హోటన్ విద్యార్థి | ఆగస్టు 25, రాత్రి 11.40

కీవినా అన్నారు కదా, నేను అక్కడే ఎంఎస్ చేస్తున్నా, హోటన్‌లో. మన తెలుగోళ్ళు బాగానే ఉన్నారు. ఆగస్టులో దిగినప్పుడు ఊరు ఊటీలా ఉంది అనుకున్నా, అక్టోబర్ నుంచి సినిమా చూపించింది.

ఇక్కడ మంచు ఎందుకంత పడుతుందంటే, వాయవ్యం నుంచి వచ్చే చలిగాలి సరస్సంతా దాటి వస్తూ తేమ పీల్చుకుంటుంది, కీవినా గుట్టలకి తగలగానే మొత్తం ఇక్కడ దింపేస్తుంది. ఏడాదికి 200 అంగుళాలు అంటే మామూలు, 1978-79 చలికాలంలో 390 అంగుళాలు పడిందని రోడ్డు పక్కన పెద్ద కొలబద్ద పెట్టి గుర్తు రాశారు, మేం వెళ్ళి దాని కింద నిలబడి ఫోటో దిగాం. గాలి వచ్చే వైపునే ఉంది కాబట్టి డులూత్‌కి ఇంత పడదు.

ఇంకోటి, ఇక్కడ రాగి ముక్కలు ముక్కలుగా అచ్చంగా దొరికేది, కరిగించకుండానే. వేల ఏళ్ళ కిందటే స్థానిక జనం తవ్వి పనిముట్లు చేసుకున్నారు. 1840ల నుంచి పెద్ద గనులు వచ్చాయి, ఇప్పుడు అన్నీ మూతబడ్డాయి. గనుల్లోకి ఇంగ్లాండ్ కార్న్‌వాల్ నుంచి వచ్చినవాళ్ళు పాస్టీ అనే కజ్జికాయ లాంటిది తెచ్చారు, లోపల మాంసం, బంగాళాదుంప. కారం జల్లుకుని తింటే బాగుంటుంది, నేను ఆవకాయతో తిన్నా, షాపామె చాలాసేపు చూసింది.

థండర్‌బే అక్క | ఆగస్టు 26, ఉదయం 6.30

కెనడా వైపు నుంచి ఒక మాట. గ్రాండ్ మరై దాకా వచ్చి, ఇంకో ముప్పావుగంటలో కెనడాయే కదా అని అమ్మానాన్నల్ని తీసుకుని బోర్డర్ దాకా రాకండి, అమెరికా విజిటర్ వీసా ఇక్కడ పనికిరాదు, కెనడా వీసా విడిగా ఉండాలి. మా బంధువులు అలాగే వచ్చి వెనక్కి తిరిగారు, నేను పులిహోర కలిపి ఎదురుచూస్తూ కూర్చున్నా.

అయినా సరిహద్దు దాకా తప్పకుండా రండి. పిజియన్ నదే సరిహద్దు, దాని మీద 120 అడుగుల జలపాతం ఉంది, గ్రాండ్ పోర్టేజ్ స్టేట్ పార్క్ నుంచి అరమైలు చదునైన దారి, చక్రాల కుర్చీ కూడా పోతుంది, అమ్మకి ఇబ్బంది ఉండదు. గ్రాండ్ పోర్టేజ్ అంటే పెద్ద మోత దారి. జలపాతాల వల్ల పడవలు పోలేవు కాబట్టి బొచ్చుతోళ్ళ వ్యాపారులు పడవల్నీ మూటల్నీ మోసుకుని ఎనిమిదిన్నర మైళ్ళు నడిచేవాళ్ళు, ఆ దారి చూపించింది ఒజిబ్వే వాళ్ళు. ఇప్పటికీ ఆ నేల వాళ్ళదే.

మా ఊరి ముందు సరస్సులో స్లీపింగ్ జెయింట్ కొండ ఉంది, మనిషి వెల్లకిలా పడుకున్నట్టే ఉంటుంది. ఒజిబ్వే కథల్లోని నానబిజూ రాయిగా మారిపోయాడు అంటారు. పొద్దున హాస్పిటల్ డ్యూటీకి పోతుంటే రోజూ కనపడతాడు, నైట్ డ్యూటీ దిగినప్పుడు మాత్రం నాకు భలే కుళ్ళు, ఆయన ఇంకా పడుకునే ఉంటాడు.

నర్సంపేట పిల్ల | ఆగస్టు 26, రాత్రి 8.15

అక్కా, మీ పులిహోర కథ చదివి అమ్మ నవ్వుతూనే ఉంది. వీసా సంగతి నిజంగా నాకు తట్టలేదు, థాంక్స్. సిల్వర్ బే దగ్గర నల్ల ఇసుక బీచ్ ఉందని ఇన్‌స్టాలో చూశా, ఆగొచ్చా? మా చిన్నోడు నీళ్ళలో ఆడతా అంటున్నాడు.

మినియా మామ | ఆగస్టు 26, రాత్రి 9.00

ఆగు, బాగుంటుంది. కానీ ఆ నలుపు దేవుడిచ్చింది కాదు. ఉత్తరాన మెసాబీ గనుల్లో మంచి ఇనుప ఖనిజం అయిపోవచ్చాక టాకోనైట్ అనే గట్టి రాయిని పిండి చేసి ఇనుము తీయడం మొదలుపెట్టారు. సిల్వర్ బేలో రిజర్వ్ మైనింగ్ కంపెనీ 1955 నుంచి ఆ మిగిలిన రాతిపిండిని రోజుకి 67 వేల టన్నుల దాకా నేరుగా సరస్సులోకి వదిలింది. 1973లో డులూత్ కుళాయి నీళ్ళలో ఆస్బెస్టాస్ లాంటి పీచు బయటపడింది. జనం భయపడిపోయారు, అప్పటిదాకా ఆ నీళ్ళు వడకట్టకుండానే తాగేవాళ్ళు. మైల్స్ లార్డ్ అనే జడ్జి 1974 ఏప్రిల్‌లో ప్లాంటు మూయమన్నాడు, పైకోర్టు రెండు రోజుల్లోనే స్టే ఇచ్చింది, చివరికి 1980లో గానీ సరస్సులో పోయడం ఆగలేదు. ఆ పిండి కొంత కొట్టుకొచ్చి ఒడ్డున పరుచుకున్నదే ఆ బీచ్. ఊరికి అన్నం పెట్టిందీ ఆ కంపెనీయే కాబట్టి అక్కడి పెద్దవాళ్ళ దగ్గర ఆ మాట ఎత్తితే ఇప్పటికీ రెండు రకాలుగా మాట్లాడతారు.

డులూత్ దారి | ఆగస్టు 26, రాత్రి 9.35

చిన్నోడి గురించి సీరియస్‌గా చెప్తున్నా. సరస్సు మొత్తం చూస్తే నీళ్ళ సగటు చల్లదనం 4 డిగ్రీలు. పైన ఎండ కాస్తున్నా నమ్మొద్దు. నేను జులైలో పార్క్ పాయింట్ ఇసుక తిన్నె దగ్గర, కృష్ణలో ఈదినోణ్ణి నాకేంటి అని దూకా. ఊపిరి బిగుసుకుపోయింది, అరుద్దామంటే గొంతు రాలేదు, నడుం లోతు నీళ్ళే కాబట్టి నిలబడి బతికా. గాలి వీచే రోజున అక్కడ లోపలికి లాగే ప్రవాహాలు కూడా ఉంటాయి. చీలమండల దాకా చాలు.

నవంబర్ వస్తే ఇంకో రకం. 1905 నవంబర్ తుఫానులో చాలా ఓడలు దెబ్బతిన్నాకే 1910లో స్ప్లిట్ రాక్ లైట్‌హౌస్ వచ్చింది, అప్పటికి అక్కడికి రోడ్డే లేదు, సామానంతా ఓడలో తెచ్చి కొండ మీదికి లాగారు. 1975 నవంబర్ 10న 729 అడుగుల ఎడ్మండ్ ఫిట్జెరాల్డ్ ఖనిజం లోడుతో తూర్పు కొసన మునిగింది. 29 మంది, ఒక్కరూ దొరకలేదు. అంత చల్లటి నీళ్ళలో శవాలు ఉబ్బి పైకి తేలవు.

పుస్తకాల పురుగు | ఆగస్టు 26, రాత్రి 10.10

ఐల్ రాయల్ తోడేళ్ళ గురించి ఎవరూ రాయలేదే. గడ్డకట్టిన సరస్సు మీద నడిచి దీవికి చేరిన తోడేళ్ళు, వాటికన్నా ముందే చేరిన మూస్ దుప్పులు, 1958 నుంచి వాటిని లెక్కపెడుతూనే ఉన్నారు. మధ్యలో తోడేళ్ళు రెండే మిగిలితే 2018, 2019లో బయటి నుంచి 19 తెచ్చి వదిలారు. ఇప్పుడు మంచు వంతెన తరచుగా పడడం లేదు.

రాళ్లపిచ్చి | ఆగస్టు 27, ఉదయం 8.05

నర్సంపేట పిల్ల గారూ, రాత్రి పడుకున్నాక ఒకటి గుర్తొచ్చింది. మీ బాపు మత్తడి చూడాలంటున్నారు, సూ ఊరేమో డులూత్ నుంచి ఏడు గంటల పైనే, మూడు రోజుల్లో కుదరదు. కానీ పాత మత్తడి మీ ఇంటికి గంట దూరంలో ఉంది.

మంచు కరుగుతున్న రోజుల్లో తూర్పున ఇంకా హిమానీనదం అడ్డంగా ఉండేది, నీళ్ళు అటు పోలేవు. సరస్సు ఇప్పటికన్నా దాదాపు 500 అడుగులు ఎత్తున నిలిచేది. డులూత్ గుట్ట మీది స్కైలైన్ పార్క్‌వే రోడ్డు చాలావరకు ఆ పాత ఒడ్డు మీదే వేశారు. ఆ నీళ్ళు దక్షిణానికి పొర్లి, సెయింట్ క్రోయి లోయలోంచి మిసిసిపీలో పడేవి. టేలర్స్ ఫాల్స్ దగ్గర ఇంటర్‌స్టేట్ పార్కులో ఆ వరద నల్ల రాతిలో రాళ్ళు గిర్రున తిప్పి తవ్విన గుంటలున్నాయి, ఒకటి 60 అడుగుల లోతు. వచ్చేటప్పుడు నార్త్ బ్రాంచ్ దగ్గర హైవే దిగి తూర్పుకి అరగంట.

ఇంకో చిత్రం. పైనున్న మంచు బరువు పోయాక నేల ఇప్పటికీ లేస్తోంది, ఈశాన్యం ఎక్కువ, డులూత్ వైపు తక్కువ. అంటే మత్తడి ఉన్న వైపు లేస్తుంటే పడమటి కొసన నీళ్ళు కొంచెం కొంచెంగా నేల మీదికి వస్తున్నాయి. సెయింట్ లూయీ నది డులూత్ దగ్గర అంత వెడల్పుగా మునిగి ఉన్నట్టుండేది అందుకే.

నర్సంపేట పిల్ల | సెప్టెంబర్ 30, రాత్రి 9.20

వెళ్ళొచ్చాం! ఆలస్యంగా రాస్తున్నా, ఏమనుకోకండి.

థామ్సన్ హిల్ దగ్గర దిగి బాపు చాలాసేపు మాట్లాడలేదు. ముందు అడిగింది "గా అవతల మబ్బా, ఒడ్డా" అని. ఏదీ కాదు, నీళ్ళే అన్నా. కెనాల్ పార్క్‌లో మా అదృష్టం, వెయ్యి అడుగుల ఓడ ఒకటి వచ్చింది. బ్రిడ్జి లేవడం, ఓడ కూత వేస్తే బ్రిడ్జి తిరిగి కూత వేయడం, పిల్లల కన్నా అమ్మ ఎక్కువ సంబరపడింది. ఇంత ఓడకి కాలువ ఎంత లోతు తవ్వారని బాపు అడిగితే పక్కనున్న మ్యూజియంలో అడిగి కనుక్కున్నాం, దాదాపు 27 అడుగులంట. "పూడిక ఎవరు తీస్తరు" అన్నాడు. ఆయనకి అది కూడా చెప్పారు, సైన్యం ఇంజనీర్ల విభాగం చూసుకుంటుందట. బాపు, ఆ మ్యూజియం ఆయన చేతులు కలిపారు.

పాలిసేడ్ హెడ్ మీద గాలికి అమ్మ చీర కొంగు నిలవలేదు, కారులోంచే చూసింది. గూస్‌బెర్రీలో నీళ్ళు టీ డికాషన్ రంగులో ఉన్నాయి, మురికి అనుకున్నాం, అడవిలో కుళ్ళిన ఆకుల రంగు దిగుతుందట. నల్ల బీచ్‌లో చిన్నోడు చీలమండల దాకా దిగి కేక పెట్టి వెనక్కొచ్చాడు, ఇక ఎవరూ చెప్పాల్సిన పని లేకుండా పోయింది. బాపు మాత్రం ప్యాంటు మడిచి దిగి, దోసిట్లో పట్టి నోట్లో పోసుకుని "ఉప్పు లేదు" అన్నాడు. అన్నేళ్ళు ఎన్ని రీళ్ళు చూపించినా నమ్మలేదన్నమాట, తాగి చూశాకే నమ్మాడు. (వడకట్టని నీళ్ళు తాగొద్దని మీరు తిడతారని తెలుసు. ఏం కాలేదు.)

రాళ్లపిచ్చి గారూ, వచ్చేటప్పుడు టేలర్స్ ఫాల్స్‌లో ఆగాం. అన్నింటికన్నా అక్కడే ఎక్కువసేపు ఉన్నాడు. గుంటల అంచుల నున్నదనం చేత్తో తడిమి చూసి, పాకాల మత్తడి కింద కూడా ఇట్లాంటి మడుగు ఉంటుందట, చిన్నప్పుడు అందులో చేపలు పట్టేవాళ్ళట, అది చెప్పుకుంటూ పోయాడు. ఈ కథ నాకు ఇప్పటిదాకా చెప్పలేదు. "గిన్ని నీళ్ళు పోయినయంటే కింద ఎన్ని ఊర్లు మునిగినయో" అన్నాడు, అప్పటికి ఇక్కడ ఊళ్ళు లేవు బాపూ అంటే, "నీకెట్ల తెలుసు, మనుషులుండరా" అన్నాడు.

ధవళేశ్వరం | అక్టోబర్ 1, ఉదయం 8.00

చదివి చాలా సంతోషమైందమ్మా. మళ్ళీ వచ్చినప్పుడు మత్తడి దగ్గర ఓడల్ని కిందికి దించే, పైకి ఎక్కించే సూ లాకులకి తీసుకెళ్ళండి, నేనూ డెట్రాయిట్ నుంచి వస్తాను. మొదటి లాకు 1855లో కట్టారు, ఇప్పుడు వెయ్యి అడుగుల ఓడలు పట్టేది 1,200 అడుగుల పో లాకు ఒక్కటే. ఏటా జూన్ చివరి శుక్రవారం ఇంజనీర్స్ డే అని జనాన్ని లాకు గోడల మీదికి రానిస్తారు.

నర్సంపేట పిల్ల | అక్టోబర్ 1, సాయంత్రం 6.45

అడిగాను సార్. జూన్ చివరంటే నార్లు పోసే రోజులు, ఊరు వదిలేది లేదన్నాడు. "యాసంగి వరి కోసినంక వస్త, గేట్లు ఏడికి పోతయి" అంటున్నాడు. అంటే ఏప్రిల్ ఆఖరు. అప్పటికి లాకులు తెరిచి ఉంటాయా?

ధవళేశ్వరం | అక్టోబర్ 1, రాత్రి 7.30

మార్చి 25కే తెరుస్తారు. జనవరి 15 నుంచి అప్పటిదాకానే మూత.

థండర్‌బే అక్క | అక్టోబర్ 1, రాత్రి 7.52

ఏప్రిల్‌లో ఒడ్డున ఇంకా ఐసు ఉంటుంది చెల్లీ, స్వెటర్ కాదు, జాకెట్ తెచ్చుకోమను. కెనడా వీసాకి కూడా ఇప్పుడే పెట్టెయ్, పులిహోర నేను చూసుకుంటా.